ఎవరా నత్రజని?

మనుషుల్ని అనుమానించడం నాకు ఉద్యోగంతో పాటు వచ్చిన జబ్బు. నేను పాల ట్యాంకరు డ్రైవర్ని. పొద్దున్నే ఫారం ఫారానికీ వెళ్ళి, పాలు ట్యాంకరులోకి ఎక్కించే ముందు మూత తీసి వాసన చూడాలి, చల్లదనం చూడాలి, చిన్న సీసాలో నమూనా పట్టాలి. యజమాని ఎంత నవ్వుతూ పలకరించినా మన ముక్కు మాత్రం మూత మీదే ఉండాలి. ఈ అలవాటు ముదిరి ఇంట్లో మా ఆవిడ ఇచ్చిన కాఫీ కూడా వాసన చూసి తాగుతున్నాను. దానికి మా ఆవిడ ఏమంటుందో ఇక్కడ చెప్పే మాట కాదు.

అలాంటి నాకే అనుమానంలో పాఠాలు చెప్పగల ఇల్లు ఒకటుంది. మట్టిరోడ్డు చివర, వాగు పక్కన, నాలుగువైపులా గడ్డి మడులతో ఉండే ఆవుల ఫారం. ఆ ఇంటి ఇల్లాలు నన్ను తమ్ముడూ అంటుంది. నేను అక్కా అంటాను. ఆ లెక్కన ఆమె మొగుడు నాకు బావగారు. బావగారి అసలు పేరు ఆయన బ్యాంకు పాసుబుక్కులో తప్ప ఇంకెక్కడా లేదు. అందరూ ‘సైంటిస్టు’ అంటారు.

ఆ బిరుదు ఊరికే రాలేదు. ఏ పని చెప్పినా దాన్ని చెయ్యకుండా చేసే యంత్రం ఒకటి తయారుచేస్తాడాయన. దొడ్డి గేటు తెరవడానికి బద్ధకించి, తనంతట తానే తెరుచుకునే గేటు పెట్టాడు. అది నిజంగానే తనంతట తానే తెరుచుకుంది. ఆవులన్నీ తోటలో పడ్డాయి. పని తప్పించుకోవడానికి ఆయన పడే కష్టం చూస్తే, ఆ పనేదో చేసేస్తే విశ్రాంతి దొరికేది కదా అని జాలేస్తుంది.

అన్ని పనుల్లోకీ ఆయనకి గిట్టనిది పేడనీళ్ళు చల్లడం. కొట్టం కడిగిన నీళ్ళూ, పేడా, మూత్రమూ అన్నీ వెనకాల పెద్ద సిమెంటు ట్యాంకులో చేరతాయి. దాన్ని ట్రాక్టరు వెనకుండే ట్యాంకరులోకి లాగి గడ్డి మడుల మీద చల్లాలి. గడ్డికి అది విందు భోజనం. చల్లే మనిషికి మాత్రం ఆ పూట ఎవరూ పక్కన కూర్చోరు.

ఇలా ఉండగా మా పాల కంపెనీ రైతులందరికీ ఫోనులో ఒక యాప్ ఇచ్చింది. అందులో మన మడులు వేలితో గీసుకోవాలి. మట్టి పరీక్ష అంకెలు వెయ్యాలి. ఎన్ని ఆవులున్నాయో చెప్పాలి. అప్పుడది ఏ మడికి ఏ ఎరువు, ఎంత, ఎప్పుడు వెయ్యాలో చెబుతుంది. చల్లవచ్చంటే మడి పచ్చగా కనిపిస్తుంది, వద్దంటే ఎర్రగా. వాన వచ్చే సూచన ఉన్నా ఎరుపే, ఎందుకంటే చల్లిందంతా కొట్టుకుపోయి వాగులో కలుస్తుంది. వాగు పాడైందని తేలితే కంపెనీ ఆ ఇంటి పాలు తీసుకోవడం ఆపేస్తుంది.

అక్క మురిసిపోయింది. మడి మడికీ తిరిగి, మట్టి తవ్వి, చిన్న సంచుల్లో కట్టి తనే పరీక్షకి పట్టుకెళ్ళింది.

“ఫోను పని నాకొదిలెయ్,” అన్నాడు సైంటిస్టు.

పెళ్ళయ్యాక ఆయన నోట ‘నాకొదిలెయ్’ అన్న మాట రావడం అదే మొదలు. అక్కకి ఆ క్షణమే అనుమానం పుట్టింది. ఇక అది పెరగడమే తప్ప తగ్గింది లేదు.

ఒక పొద్దున్న నేను పైపు తగిలించి నిలబడ్డాను. అక్క కొట్టం వెనకనుంచి వచ్చింది.

“ఏవండీ, ట్యాంకు సగం దాటింది. ఇవాళ చల్లుతారా?”

సైంటిస్టు జేబులోంచి ఫోను తీసి, పూజారి హారతి చూపించినట్టు చూపించాడు. “ఎరుపు. వాన ఉంది.”

అక్క తల పైకెత్తింది. “ఆకాశంలో మబ్బు తునక లేదు.”

“ఆకాశం సంగతి ఆకాశానికేం తెలుసు? ఇది ఉపగ్రహం.”

“మరి గాలి? తేమ? ఏమీ లేవే!”

“నీకు కనపడనివి దానికి కనపడతాయి. అందుకే అది పైనుంది, నువ్విక్కడున్నావు.”

అక్క నా వైపు చూసింది. నేను పాల మూత వైపు చూశాను. ఆలుమగల మధ్య మాట జరిగేటప్పుడు పాలు చూసుకోవడం మంచిదని నా అనుభవం.

ఆ వారం నిజంగానే ఓ చినుకు పడింది. యాప్ గెలిచింది. కానీ తర్వాత ఎండలు కాశాయి. వాన వంక చెప్పడానికి లేకుండా పోయింది. అయినా మడులన్నీ ఎర్రగానే ఉన్నాయి.

“ఇప్పుడేమైందట?” అంది అక్క.

“నేలలో బలం ఎక్కువైందట. ఇంకా వేస్తే నేలకి అజీర్తి చేస్తుందట.”

“అంత బలముంటే గడ్డి కామెర్లొచ్చినట్టు పసుపు తిరిగిందెందుకు?”

“అది బలం ఎక్కువైన పసుపు.”

అక్క వంగి ఒక గడ్డిపోచ తెంపి, దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఇద్దర్లో ఎవరు నిజం చెబుతున్నారో ఆవిడకి తెలిసిపోయిందనే నా నమ్మకం. కానీ రుజువు లేదు. ట్యాంకు మాత్రం పైపైకి వస్తోంది.

ఇంతలో కథ ఇంకో దారి పట్టింది. పట్టించింది ఆ ఇంట్లోనే ఉండే అత్తగారు, అంటే అక్క వాళ్ళమ్మ. ఆవిడకి చూపు గద్ద చూపు. వినికిడే అంతంత మాత్రం, వినపడిన దాంట్లో సగం ఆవిడ సొంతంగా కలుపుకుంటుంది.

సైంటిస్టుకి అంకెలు వేసేటప్పుడు పైకి గొణిగే అలవాటుంది. ఆ రోజు వరండా చివర నిలబడి, ఫోను మూతి దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతున్నాడు. “నత్రజని ఇప్పుడే వద్దు... భాస్వరం ఉందని చూపిస్తే చాలు, ఇక నన్నెవరూ అడగరు...”

అత్తగారు చిక్కుడుకాయలు గిల్లడం ఆపేసి కూతురి దగ్గరికి పరుగెత్తింది.

“కొంప మునిగిందే! మీ ఆయనకి రజని అని ఎవత్తో ఉంది. ఇప్పుడే రావద్దంటున్నాడు. దానికి భాస్కరం అని మొగుడు కూడా ఉన్నాడట! భాస్కరాన్ని చూపిస్తే ఎవరూ అడగరట!”

మర్నాడు నేను వెళ్ళేసరికి అక్క గేటు దగ్గరే కాచుకుని ఉంది.

“తమ్ముడూ, నువ్వు ఫారాలన్నీ తిరుగుతావు. రజని అని ఎవరైనా ఉందా ఈ చుట్టుపక్కల?”

నేను బాగా ఆలోచించాను. “వాగు అవతల ఒక ఆవుందక్కా ఆ పేరుతో. మంచి పాడి.”

“ఆవు కాదు. ఇంట్లో ఉన్న ఆవులతోనే మాట్లాడడు, పట్టపురాణితో తప్ప.”

పట్టపురాణి అంటే సైంటిస్టు ముద్దుల ఆవు. తిండి ఎక్కువ, పాలు తక్కువ. ఆయన భుజం మీద గడ్డం ఆనించి నిలబడటం దాని ఉద్యోగం.

“అయితే బావగార్నే అడిగెయ్యక్కా,” అన్నాను. అని, చూడకుండా వెళ్ళిపోవడానికి మనసొప్పక, పాల చీటీ మీద సంతకం కావాలన్న నెపంతో వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను.

సైంటిస్టు టీ తాగుతున్నాడు.

“ఎవరండీ రజని?” అంది అక్క.

“ఏ రజని?”

“అంటే చాలామంది ఉన్నారా?”

టీ ఆయన ముక్కులోకి పోయింది. దగ్గుతుండగా అత్తగారు అందుకుంది. “భాస్కరానికి తెలుసా ఈ సంగతి?”

“భాస్కరం ఎవరు?”

“చూశావటే! ఆ పిల్ల మొగుణ్ణి అప్పుడే లెక్కలోంచి తీసేశారు అల్లుడుగారు!”

పాపం, ఆయనకి వెలగడానికి కాస్త సమయం పట్టింది. వెలిగాక పొట్ట పట్టుకుని నవ్వాడు. “రజని కాదు అత్తయ్యా, నత్రజని! గడ్డికి వేసే ఎరువు! భాస్కరం కాదు, భాస్వరం! నేలలో ఉండేది!”

“నేలలో దాచారా?” అంది ఆవిడ బెదిరిపోయి.

“యాప్‌లో! కావాలంటే చూసుకోండి!” అంటూ ఆయన ఫోను అక్క చేతిలో పెట్టేశాడు. ఏ పాపం ఎరగని మనిషికుండే తొందర అది. ఒక పాపం ఎరగడన్నది నిజమే. ఇంకోటి ఆ ఫోనులోనే ఉందన్న సంగతి ఆ తొందరలో మర్చిపోయాడు.

అక్క చూసింది. వేలితో జరిపింది. ఇంకా జరిపింది.

“రజని లేదులే అమ్మా,” అంది చివరికి. అత్తగారు కొంచెం నిరాశపడినట్టే కనిపించింది.

కానీ అక్క ఫోను తిరిగివ్వలేదు. “ఏవండీ, మెరక మడిలో భాస్వరం ఇంతుందా?”

“ఉ... ఉంది.”

“పల్లం మడిలో?”

“అంతే ఉంది.”

“వాగు పక్క?”

“అక్కడా అంతే. మన నేలకి పక్షపాతం లేదు.”

మెరక మడిలో మట్టి తీస్తే గులకరాళ్ళు, పల్లం మడిలో తీస్తే నల్లటి బురద. తీసింది అక్క. ఆ రెండింట్లో ఒకే అంకె ఎలా వస్తుందో ఆవిడ అడుగుతుందని నేను ఊపిరి బిగబట్టాను. అడగలేదు. ఫోను ఆయన చేతికిచ్చి నవ్వింది.

“మంచిదండీ. ఇన్నాళ్ళూ అనవసరంగా అనుమానించాను. ఇకనుంచి అది ఏం చెబితే అదే చేద్దాం.”

సైంటిస్టు ఊపిరి పీల్చుకున్నాడు. నేను పీల్చుకోలేదు. అక్క అంత మెత్తగా మాట్లాడటం పొంగడానికి ముందు పాలు కదలకుండా ఉండటం లాంటిది.

ఇక అక్కడినుంచి అనుమానం చెయ్యి మారింది.

“బావమరిదీ,” అన్నాడు సైంటిస్టు ఒక పొద్దున్న నన్ను లారీ వెనక్కి లాక్కెళ్ళి. “మీ అక్క నాతో పోట్లాడటం మానేసింది.”

“మంచిదే కదా బావగారూ.”

“ఏం మంచిది? టీలో పంచదార ఎక్కువ వేస్తోంది. నవ్వుతోంది. నిన్న నా చొక్కాకి ఊడిన గుండీ అడక్కుండానే కుట్టింది. నాకు భయమేస్తోందయ్యా.”

ఆయన చేతిలో టీ గ్లాసుంది. తాగే ముందు వాసన చూశాడు. అచ్చం నాలాగే.

ఆయన భయానికి ఆ మధ్యాహ్నమే కారణం దొరికిందట. తప్పుడు అంకెలు మింగిన యాప్ ఆ అంకెలనే నమ్మి లెక్క కట్టింది. నేలంతా ఇప్పటికే బలంగా ఉంది కాబట్టి ఇన్ని ఆవుల పేడని ఈ మడులు భరించలేవంది. పేడ బయటికైనా పంపాలి, ఆవుల్నైనా తగ్గించాలి.

“అయితే తగ్గిద్దాం,” అంది అక్క తాపీగా. “ముందు పట్టపురాణిని అమ్మేద్దాం.”

“పట్టపురాణినా!”

“పాలు తక్కువ, పేడ ఎక్కువ. నేనంటున్నానా? మీ ఉపగ్రహం అంటోంది.”

“యాప్‌లో... ఏదైనా చిన్న పొరపాటు ఉండొచ్చు కదా...”

“పొరపాటా? దానికి కనపడనిది లేదన్నారుగా!”

సైంటిస్టు కొట్టంలోకి వెళ్ళి పట్టపురాణి మెడ పట్టుకుని నిలబడ్డాడట. అది గడ్డం భుజం మీద ఆనించింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడని అత్తగారు చెప్పింది. ఆవిడ చూపు మీద నాకు నమ్మకముంది.

ఆ దిగులు తీరకముందే అక్క రెండో కబురు తెచ్చింది. “ఏవండీ, మీ పేరు మోగిపోతోంది. ఇంత బలమైన నేల కంపెనీ మొత్తంలో ఇంకెక్కడా లేదట. ఆఫీసరుగారు రైతులందర్నీ తీసుకుని మన ఫారం చూడ్డానికి వస్తారట. అందరి ముందూ మట్టి తవ్వి పరీక్ష చేస్తారట. మీరు నాలుగు ముక్కలు మాట్లాడాలట.”

సైంటిస్టు ముఖంలో నెత్తురు చుక్క లేదు. మర్నాడు నా కాలరు పట్టుకున్నంత పని చేశాడు. “నిజమేనా? ఆఫీసరు వస్తున్నాడా?”

“నాకూ అలాగే వినపడింది బావగారూ,” అన్నాను. అందులో అబద్ధం లేదు. ఎవరి దగ్గర్నుంచి వినపడిందని ఆయన అడగలేదు. అప్పుడే గేటు దగ్గర అక్క నాతో అంది కదా!

“పాలిపోయిన గడ్డి చూస్తారు. ట్యాంకు అంచుదాకా వచ్చింది, అదీ చూస్తారు. పొంగి వాగులోకి పోతే పాలే ఆపేస్తారు. నా పని అయిపోయింది!”

అప్పుడు కనిపించింది అక్క. టీ గ్లాసుతో వచ్చి గోడ మీద కూర్చుంది. కంగారుపడే మొగుడికి ధైర్యం చెప్పే ఇల్లాలి ముఖం పెట్టింది. “కంగారెందుకండీ. వాళ్ళు ముందు మెరక మడే చూస్తారట. అక్కడ గడ్డి బాగా పాలిపోయింది, కాస్త ఎక్కువే చల్లండి. పల్లం మడి దూరం నుంచే చూస్తారు, పలచగా చల్లితే చాలు. వాగు పక్కకి అసలు వెళ్ళరు, దాన్ని ముట్టుకోవద్దు.”

“మరి యాప్ ఎర్రగా ఉంది కదా?” అన్నాను నేను, నోరు ఊరుకోక.

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పాల మూత వైపు చూశాను.

సైంటిస్టు ట్రాక్టరు తీశాడు. తీసినవాడు ఊరికే చల్లితే సైంటిస్టు ఎలా అవుతాడు? ట్యాంకరు మూతికి తోట పైపు గొట్టాలు కట్టి, ఒకేసారి అన్ని వైపులా చల్లే ఏర్పాటొకటి చేశాడు. మీట నొక్కాడు. మడి మీద తప్ప అన్ని వైపులా చల్లింది. ఒక గొట్టం ఊడి పాములా లేచి ముందు ఆయన్ని తడిపింది, తర్వాత తీగ మీద ఆరేసిన బట్టల్ని, చివరికి కిటికీలోంచి గద్దలా చూస్తున్న అత్తగారిని.

“నన్నెందుకు చల్లుతున్నారు అల్లుడుగారూ! నేనేం పాలిపోయానా?” అని లోపల్నుంచి కేక వినపడింది.

ఆ తర్వాత గొట్టాలు విప్పేసి, బుద్ధిగా అందరూ చల్లినట్టే చల్లాడు. నేను వెళ్ళిన ప్రతి పొద్దున్నా ట్రాక్టరు చప్పుడే. అక్క గోడ మీదనుంచి, “ఆ మూల ఇంకాస్త... చాలు చాలు, ఇక అటు వద్దు,” అంటూ ఉండేది. ఆయన వాసనకి పట్టపురాణి కూడా భుజం మీద గడ్డం ఆనించడం మానేసింది. అది ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. ఆఖరికి ట్యాంకు అడుగు కనిపించింది. మధ్యలో ఒక సన్నటి జల్లు కూడా కురిసింది. మెరక మడి కామెర్లు తగ్గి పచ్చబడటం మొదలైంది.

ఆఫీసరు వస్తాడన్న రోజు నేను వెళ్ళేసరికి ముంగిట్లో కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. సైంటిస్టు ఒళ్ళంతా సబ్బుతో రుద్ది రుద్ది ఎర్రబడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గేటు దగ్గర నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు.

నా లారీ చూసి ఎదురొచ్చాడు. వెనకాల ఎవరూ లేరని చూసి ఆగిపోయాడు. “వాళ్ళేరీ?”

“ఎవరు బావగారూ?”

“ఎవరూ రారండీ,” అంది అక్క గుమ్మంలోంచి. “వస్తారని నేనే అన్నాను.”

ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. నా నోరూ మూతపడలేదు. ముక్కుతో బతికే మనిషిని, నాకే వాసన తగల్లేదు.

అక్క తన ఫోను తీసింది. అందులో అదే యాప్, అవే మడులు. వాగు పక్కది తప్ప అన్నీ పచ్చగా, ఒక్కో దాని మీద ‘పని పూర్తయింది’ అన్న గుర్తుతో ఉన్నాయి.

“మట్టి పట్టుకెళ్ళినదాన్ని నేను. అంకెలు నాకూ వచ్చాయండీ. మీ ఫోను చూసిన పూటే అసలు అంకెలు ఇందులో వేసుకున్నాను. మెరకకి ఎక్కువ, పల్లానికి పలచగా, వాగు పక్కకి వద్దు. ఇదంతా ఆఫీసరు నడిచే దారి కాదు, ఈ యాప్ చెప్పిన లెక్క. మీరు పొల్లుపోకుండా చేశారు. ఈసారి ఎరువు బస్తాలు కూడా తక్కువ సరిపోతాయట.”

“మరి... పట్టపురాణి?”

“ఎక్కడికీ పోదు. మన నేలకి దాని పేడ కూడా కావాలట.”

సైంటిస్టు ముఖం కోపం చూపించాలో, సిగ్గు చూపించాలో తేల్చుకోలేకపోయింది. చివరికి నవ్వు వచ్చి సర్దుకుంది. చొక్కా పై గుండీ విప్పుతూ లోపలికి వెళ్ళబోయాడు.

“ఆగండి,” అంది అక్క. “కుర్చీలు వేశారు, ఉపన్యాసం వల్లె వేశారు. అంతా వృథా ఎందుకు? మాట్లాడండి, వింటాం.”

ముందు వరసలో అక్క కూర్చుంది. పక్కన అత్తగారు. నేను పైపు కట్టేసి చివరి కుర్చీలో సర్దుకున్నాను. సైంటిస్టు కాసేపు నసిగి, గొంతు సవరించుకున్నాడు.

“రైతు సోదరులారా,” అని మొదలుపెట్టి మమ్మల్ని ఎగాదిగా చూసి, “ఉన్నవాళ్ళారా,” అని మార్చాడు. “గడ్డికి ఏ పూట ఏది ఎంత కావాలో తెలియాలంటే, మట్టి తెలియాలి, వాన తెలియాలి, ఆవులు తెలియాలి. ఇవన్నీ ఒక్కచోటే తెలియాలంటే...” చేతిలో ఫోను వైపు చూశాడు. దాన్ని జేబులో పెట్టేశాడు. “మా ఆవిణ్ణి అడగాలి.”

అత్తగారు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

అక్క మాత్రం కొట్టలేదు. ఫోను ఎత్తి ఆయన ముఖానికి గురిపెట్టింది.

“ఆ ఆఖరి మాట మళ్ళీ అనండి. ఇందాక రికార్డు నొక్కలేదు.”

సైంటిస్టు ఇటూ అటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. కాలరు సర్దుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా.